మధ్య జేబు

టీచరమ్మ ఇంగ్లీషు పాఠం గుడ్డ చార్టుకు చివరి జేబు కుడుతోంది. ఎడమ జేబుల్లో కెన్, మస్ట్, షుడ్ అని రాసిన అట్టముక్కలు, కుడి జేబుల్లో గో, ఈట్, కమ్ ఉన్నాయి. ఎడమ ముక్క ఏది మార్చినా కుడివైపు క్రియ మారదని పిల్లలు చేత్తో తిప్పి చూసి నేర్చుకుంటారు. ఎడమన ‘ఆట్’ (ought) అనే ముక్క పెడితే మాత్రం మధ్యలో ‘టు’ పెట్టాలి. ఇప్పుడు కుడుతున్న జేబు అందుకే.

రేపటి నుంచి ఆమె క్లాసు కొత్త మాస్టారిది. ఉదయమే ఆ మాట చెప్పిన ట్యుటోరియల్ యజమాని, చార్టు మాత్రం వదిలి వెళ్ళమన్నాడు.

“ఇంటికి పట్టుకుపో అక్కా, వాళ్ళకెందుకు నీ కష్టం?” అంది ఆయా.

“పట్టుకుపోయి కిటికీకి కర్టెన్ కట్టనా?”

యజమాని వచ్చి చార్టు చూశాడు. “మధ్యలో ఆ అతుకేంటమ్మా? విప్పెయ్యండి, బాగోలేదు.”

“విప్పితే పాఠం తప్పవుతుందండీ.”

“అదంతా కొత్తాయన చూసుకుంటాడులెండి.”

ఇన్నేళ్ళలో ఈయన తన పాఠం ఒక్కటీ వినలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ జేబు చుట్టూ ఇంకో వరస గట్టిగా కుట్టి, దారం పళ్ళతో తెంపింది. చార్టు చుట్టి ఆయన చేతిలో పెట్టింది.