వాల్వు ట్యూబు పాములు

మా కాలేజీ వార్షికోత్సవం నాటకంలో నేను శవం వేషం వేశాను. చిన్న వేషమే. మాటల్లేవు, పడుకుంటే చాలు. మూడో నిమిషంలో దోమ కుట్టింది. శవం చెయ్యెత్తి మోకాలు గోక్కుంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. జనం నవ్వారు కదా అని శవం పడుకున్నచోటి నుంచే వాళ్ళకి నమస్కారం పెట్టింది. చచ్చిపోయిన భర్త కోసం ఏడవాల్సిన అమ్మాయి నవ్వు ఆపుకోలేక తెర వెనక్కి పరిగెత్తింది.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు పిలిపించారు.

"ఇంక నువ్వు ఈ కాలేజీలో స్టేజీ ఎక్కవు."

"సరేనండి."

"నవ్వుతున్నావా?"

నా మొహమే అంతని చెప్పాను. ఆయన నమ్మలేదు. మా అమ్మే నమ్మదు, ఆయన్ని అని లాభం లేదు.

మరుసటి ఏడు మా ఇంగ్లీషు మేడమ్ గ్రీకు పురాణ కథలు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేవారు. చెరకు లారీల వెనక ఇరుక్కుని ఆలస్యమైన రోజున కూడా చీర మడత నలిగేది కాదు, కథ తప్పేది కాదు. ఎద్దు తలకాయ ఉన్న మనిషి, నడుం కింద గుర్రమైన మనిషి, రెక్కల గుర్రం, బంగారు ఉన్ని పొట్టేలు, జుట్టంతా పాములైన ఆడది. ఆ చివరావిడ పేరు మెడూసా. ఆవిడ కళ్ళలోకి చూసినవాడు చూసినట్టే రాయైపోతాడు. ఆవిణ్ణి చంపడానికి వెళ్ళిన కుర్రాడు తెలివిగా ఆవిడ వైపు చూడకుండా, డాలులో నీడ చూస్తూ కత్తి వేశాడు.

వార్షికోత్సవంలో సైన్సు వాళ్ళకి మూడు గదులు ఇచ్చేవారు. సీసాల్లో కప్పలు పెట్టి, పక్కన వాటి పేర్లు రాసి, జనానికి చూపించేవారు. సాహిత్యానికి ఒక్క బల్లైనా ఇవ్వమని మేడమ్ రెండేళ్ళుగా అడుగుతున్నారు. ఆ ఏడు ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకున్నారు. షరతు ఒకటే. ఆ బల్ల మీద చూడదగ్గది ఏదీ లేకపోతే మళ్ళీ ఎప్పుడూ అడగకూడదు.

మేడమ్ క్లాసులో అడిగారు. "ఈ కథల్లోని ఐదుగురి బొమ్మలు చెయ్యాలి. ఎవరు చేస్తారు?"

నలభైమందిమి కిటికీల్లోంచి బయటికి చూశాం. ఆ నిశ్శబ్దం నాకు ఎప్పుడూ పడదు.

"నేను చేస్తానండి" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించడానికే అన్నాను. మేడమ్ మాత్రం నవ్వకుండా పుస్తకంలో నా పేరు రాసుకున్నారు.

సాయంత్రం, అది వేళాకోళమని చెప్పుకుందామని ప్రిన్సిపాల్‌గారి గది దాకా ఆవిడ వెనకే వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది.

"ఆ శవమా?" ప్రిన్సిపాల్‌గారి గొంతు.

"ఆ అబ్బాయేనండి."

"మీకింకెవరూ దొరకలేదా?"

"చేస్తానన్నాడండి. చేస్తాడు."

అప్పటిదాకా నా గురించి ఎవరూ ఆ మాట అలా ముక్కుసూటిగా అనలేదు. మా నాన్న "చేస్తాడు" అన్నప్పుడల్లా తర్వాత ఇంకో అరగంట ప్రసంగం ఉండేది. నేను చెప్పదలచుకున్నది చెప్పకుండా సైకిలెక్కి ఇంటికి వచ్చేశాను. మూడు వారాలు గడువుంది. ఐదు బొమ్మలు చేసి ఆ బల్ల మీద పెట్టడమే, ఇంకో దారి లేదు.

చెక్కడం నాకు రాదు. అందుకని చెక్కి ఉన్నవాటినే మార్చుకోవడం మేలనిపించింది. గవర్నరుపేటలో ఓ కొట్లో చెయ్యి విరిగినవీ రంగు పోయినవీ కొండపల్లి బొమ్మలు ఓ బుట్టలో పడేసి ఉండేవి. తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, బండెద్దులు, గుర్రం మీద పెళ్ళికొడుకు, ఇంకో ఉత్త గుర్రం, ఆవుదూడ, చల్ల చిలికే ఇల్లాలు. అన్నీ జానెడు లోపే. గ్రీకు కథల్లో మనుషులు ఎలాగూ సగం ఒకరు సగం ఒకరు. నేను రంపం పట్టుకుంటే చాలు.

వన్‌టౌన్‌లో మా నాన్నకి చేనేత బట్టల కొట్టు. పైన మిద్దె మీద నా కార్ఖానా. గీతకార్మికుడి తల కోసి ఎద్దు తల పెట్టాను. పెళ్ళికొడుకుని నడుం దాకా కోసి, గుర్రం మెడ తీసేసి అక్కడ నిలబెట్టాను. ఉత్త గుర్రానికి డాల్డా డబ్బా రేకు కత్తిరించి రెక్కలు పెట్టాను. దూడకి మా అమ్మ దాచుకున్న జరీ పోగులు చుట్టాను. అది కొంతసేపు పొట్టేల్లా, కొంతసేపు పెళ్ళికి వెళ్తున్న దూడలా కనిపించింది. చల్ల చిలికే ఇల్లాలి కవ్వం తీసేసి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కోసి తలనిండా పాములు గుచ్చాను. కవ్వం తాడు లాగే రెండు చేతులూ ఇప్పుడు ఎవరినో తరుముతున్నట్టు ముందుకి వచ్చాయి. మెడూసా బాగా కుదిరింది.

కుదిరిందనే అనుకున్నాను. అతకడానికి కొట్లో కాగితాలు అంటించే మైదా లై వాడాను. రంగుకి మా గేటుకి వెయ్యగా మిగిలిన ఎనామిల్ వాడాను. అన్నిటికంటే ముందు మొహాలూ కళ్ళూ వేశాను, ఎందుకంటే సరదా అంతా అక్కడే ఉంది. మర్నాటికి బొద్దింకలు లై తినేసి ఎద్దు తల కింద పడేశాయి. ఒళ్ళకి రంగు వేస్తుంటే ఆకుపచ్చ చుక్కలు కళ్ళలోకి కారాయి. నాలుగు రోజులైనా ఏ బొమ్మా ఆరలేదు. పట్టుకుంటే వేలికి అంటుకుని వచ్చేది.

మా అమ్మ పైకొచ్చి చూసింది. "దీనికి జ్వరమొచ్చిందా ఏంట్రా?"

"మెడూసా అమ్మా. దీన్ని చూస్తే రాయైపోతారు."

"ముందు కిందకొచ్చి అన్నం తిను. నా జరీ పోగులు కూడా పట్టుకురా."

పన్నెండు రోజులు మిగిలాయి. ఐదింటినీ అట్టపెట్టెలో సర్దుకుని కొండపల్లి బస్సెక్కాను.

అక్కడ బొమ్మలు చేసే వీధిలో అరుగు మీద ఓ పెద్దాయన కొయ్య చెక్కుతున్నాడు. పక్కన ఆయన భార్య మేక వెంట్రుకల కుంచెతో ఏనుగులకి కళ్ళు పెడుతోంది. నేను పెట్టె విప్పాను. పెద్దాయన ఎద్దుతల మనిషిని తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరు బాబూ ఈయన?"

"గ్రీకు దేశమండి, తాతగారూ. చీకటి గుహలో ఉంటాడు. మనుషుల్ని తింటాడు."

"తిని, తాడెక్కి కల్లు కూడా గీస్తాడా? నడుముకి ముంత ఉంచేశావు."

కళ్ళు పెడుతున్న మామ్మ నవ్వాపుకుంది. నవ్వించే పని నాది. ఆ పని ఇంకొకరు చేస్తే ఎలా ఉంటుందో ఆవేళ తెలిసింది.

"మీరు బాగుచేసి పెడితే..." అన్నాను.

"నేను చేస్తే అది నా బొమ్మ. నీకు కావాలంటే కూర్చుని చేసుకో" అన్నాడు పెద్దాయన. మళ్ళీ తన కొయ్య తీసుకున్నాడు.

కూర్చున్నాను. రోజూ క్లాసు అవగానే బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. మొదట రెండు రోజులు గేటు రంగు గీకడమే. తర్వాత చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి ఉడికించి మక్కు చెయ్యడం నేర్చుకున్నాను. అతుకుల్లో అది కూరితే ఎండాక కొయ్యలాగే గట్టిపడుతుంది, బొద్దింక కూడా గౌరవంగా పక్కకి తప్పుకుంటుంది. మొదటిసారి అడుగంటింది. రెండోసారి పల్చనైంది. మూడోసారి పెద్దాయన వేలితో నొక్కి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే బాగున్నట్టని అప్పటికే అర్థమైంది.

మక్కు మీద సుద్ద పూత, అది ఎండాక గరుక్కాగితం, ఆ తర్వాత రంగులు. ముదురు రంగు ఆరాకే లేత రంగు. కళ్ళు మాత్రం అన్నిటికంటే ఆఖరున.

"ముందే పెడితే ఏమవుతుంది మామ్మా?"

"ఏమవుతుందో నువ్వే చూశావుగా నాయనా. కళ్ళు పెట్టాక ఇంక బొమ్మని ముట్టుకోం. అయిపోయినట్టే."

నేను చెప్పిన మెడూసా కథ విని ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "గుళ్ళో విగ్రహానికి కళ్ళు తెరిచేటప్పుడు కూడా ఎదురుగా అద్దం పెడతారు. మొదటి చూపు మనిషి మీద పడకూడదని. మీ వాళ్ళ ఊళ్ళోనూ అదే అన్నమాట" అంది. గ్రీకులు నాకు బంధువులని ఆవిడ చివరిదాకా అనుకుంది. నేనూ కాదనలేదు.

వార్షికోత్సవానికి ముందురోజు మధ్యాహ్నానికి నాలుగు బొమ్మలు పూర్తయ్యాయి. ఎద్దుతల మనిషి ముంత వదిలేసి గంభీరంగా ఉన్నాడు. రెక్కల గుర్రం రెక్కల మీద డాల్డా అక్షరాలు కనపడటం లేదు. మెడూసాకి కళ్ళొక్కటే మిగిలాయి. అక్కడ నా పాత బుద్ధి లేచింది. అద్దంలో చూస్తూ కళ్ళు పెడితే కథకి కథ, ఆచారానికి ఆచారం కదా. అరుగు చుట్టూ నలుగురు చేరారు కూడా. మామ్మ బొట్టు పెట్టుకునే అద్దం అడిగి తీసుకుని, బొమ్మని అటు తిప్పి, అందులో నీడ చూస్తూ కుంచె పెట్టాను.

అద్దంలో కుడి ఎడమవుతుంది. ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, నా చేతికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. మెడూసా ఒక కన్ను బుగ్గ మీదకి జారింది. దాన్ని దిద్దబోతే ముక్కు మీద గీత పడింది. చూస్తున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మామ్మ అద్దం తీసుకుని లోపల పెట్టి వచ్చింది. "ఆ అద్దం ఆవిడ కోసం బాబూ. నీ కోసం కాదు. పని చేసేవాడు పనిని తిన్నగా చూడాలి."

పెద్దాయన బ్లేడుతో మొహం గీకి, సుద్ద పూత పెట్టి నా చేతికిచ్చాడు. "ఇది పొద్దుటికిగానీ ఆరదు. ఈవేళ కళ్ళు పెట్టకు." మామ్మ తన కుంచె కాగితంలో చుట్టి ఇచ్చింది. "ఊపిరి వదిలేటప్పుడు పెట్టు చుక్క. బిగబట్టావంటే చెయ్యి వణుకుతుంది."

మర్నాడు పొద్దున్నే కాలేజీకి వెళ్ళాను. మేడమ్ అప్పటికే హాలు మూలన ఇచ్చిన బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, కథల పేర్లు అట్టముక్కల మీద అందంగా రాసి నిలబెట్టారు. నాలుగు బొమ్మలు పెట్టాను. ఐదోది చేతిలో పట్టుకున్నాను. మొహానికి ఇంట్లోనే రంగు పూసి తెచ్చాను, కళ్ళుండాల్సిన చోట తెల్లగా ఖాళీ. మేడమ్ చూశారు. ఓ గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టారు.

కళ్ళు మొదలుపెట్టేలోపు ప్రిన్సిపాల్‌గారు ఇద్దరు లెక్చరర్లతో వచ్చారు. నాలుగు బొమ్మలూ చూశారు. గుర్రం రెక్క వేలితో తాకి చూశారు. తర్వాత నా చేతిలోది చూశారు.

"దీనికి కళ్ళేవి?"

"ఇప్పుడు పెడతానండి."

"ఇప్పుడా?"

"ఆఖరునే పెట్టాలండి."

ఆయన కదలలేదు. చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడ్డారు. కుంచె నలుపులో ముంచి, గ్లాసు అంచున ఒత్తాను. ఎడమ చెయ్యి బల్లకి ఆనించి బొమ్మని పట్టుకున్నాను. ఊపిరి వదులుతూ మొదటి చుక్క పెట్టాను. పడింది, తిన్నగా, పడాల్సిన చోటే.

తలెత్తితే ప్రిన్సిపాల్‌గారు నోరు కొంచెం తెరిచి, రెప్ప వెయ్యకుండా మెడూసానే చూస్తున్నారు. అచ్చం రాయైపోయినట్టే ఉన్నారు. ఆ మాట నా నాలుక చివరకి వచ్చింది. అంటే హాలంతా నవ్వుతుంది, ఒక్క లెక్చరరైనా కుర్చీలో కూలబడతాడు. నేనూ నవ్వుతాను. నవ్వితే చెయ్యి కదులుతుంది.

ఆ మాట మింగేశాను. అంత మంచి మాట మింగడం నాకు అదే మొదలు. గొంతులో చాలాసేపు అడ్డంగానే ఉంది. ఇంకోసారి ఊపిరి వదిలి రెండో చుక్క పెట్టాను.

బొమ్మని ఆవిడ అట్టముక్క పక్కన నిలబెట్టాను. ప్రిన్సిపాల్‌గారు వంగి చూశారు.

"కుడి కన్ను కాస్త పెద్దదైంది."

"అవునండి."

"దిద్దుతావా?"

"కళ్ళు పెట్టాక ముట్టుకోకూడదండి."

ఆయన ఇంకాసేపు చూసి, "పాములు దేంతో చేశావు?" అన్నారు.

"సైకిలు వాల్వు ట్యూబండి."

ఆయన నవ్వారో లేదో నాకు తెలియదు, మీసం పెద్దది. మేడమ్ వైపు తిరిగి, "వచ్చే ఏడు మీకు ఈ మూల కాదు, తలుపు పక్కన బల్ల వేయిస్తాను. సైన్సు వాళ్ళు కప్పల్ని కొంచెం లోపలికి జరుపుకుంటారు" అని వెళ్ళిపోయారు.

మేడమ్ కుర్చీ నా వైపు జరిపారు.

"పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"లేదండి."

సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశారు. పులిహోర. నా వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయని చూసి చెంచా కూడా ఇచ్చారు. ఈలోపు జనం రావడం మొదలైంది. ఎవరో చిన్నపిల్ల బల్ల అంచు పట్టుకుని, ఈ ఎద్దు మనిషి ఎవరని అడిగింది. మేడమ్ పమిట సర్దుకుని లేచి నిలబడి, మొదటి కథ మొదలుపెట్టారు. ఇద్దరు ఆగారు, తర్వాత ఏడెనిమిదిమంది, తర్వాత ఆవిడ నాకు కనపడనంతమంది. వాళ్ళ వెనక కూర్చుని నేను పులిహోర తిన్నాను.