వసుమతి వందన సమర్పణ

ఫీనిక్స్ దాటి అరగంటైందో లేదో, బస్సు హైవే పక్కన ఆగింది. ముందు ఇంగువ పోపు వాసన ఎక్కింది, దాని వెనకాల మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతుల్లో వెండికాగితం కప్పిన పెద్ద ట్రే. కింద సామాన్ల అరలో పెట్టమని డ్రైవరు, పెట్టనని ఆవిడ. చివరికి ఆవిడే గెలిచి, నా పక్క సీట్లో కూర్చుని ట్రే ఒళ్లో పెట్టుకుంది.

"పులిహోరే కదమ్మా?" అన్నాను.

అమెరికా బస్సులో తెలుగు వినబడేసరికి ట్రే జారవిడిచినంత పని చేసింది.

పేరు వసుమతి. పుట్టింది బాపట్ల, ఉండేది చాండ్లర్. అక్కడ కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. రోజంతా మైక్రోస్కోపులోంచి లోపాలు వెతకడం పని. ఇది పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో, ఉగాది వెళ్లిన ఆదివారం. టూసాన్‌లో తెలుగు సంఘం వేడుక.

"మావారు నిన్ననే కార్లో వెళ్లారు, స్టేజికి బ్యానర్ కట్టాలని. నాకు నిన్న షిఫ్ట్ ఉంది. బ్యానర్‌కి కారు, పులిహోరకి బస్సు, బాబాయిగారూ!"

గొంతులో ఫిర్యాదు లేదు. అందుకే చెవి అటు వేశాను.

ఊళ్లు తిరిగేవాడికి ఒక సంగతి తెలుస్తుంది. తిట్లు లేని దేశం లేదు గాని, పొగుడుతూ తిట్టడం అందరికీ పట్టుబడదు. మన పాతకాలం కవులు పిసినారి జమీందారుని పట్టుకుని సాక్షాత్తూ కర్ణుడివయ్యా అనేవారట. ఆ విద్యకు వ్యాజస్తుతి అని పేరు కూడా పెట్టుకున్నాం. ఇంతకీ ఆ జమీందారుకి అర్థమైందా లేదా? అది మాత్రం ఏ అలంకారశాస్త్రమూ చెప్పదు.

వసుమతి బాధ సరిగ్గా అదే. సంఘంలో ఉపన్యాసాలు మగవాళ్లవి, వందన సమర్పణ ఒక్కటే ఆడవాళ్లది. అది అయ్యాక భోజనాలు. వండినవాళ్లే వడ్డించాలి, వడ్డించినవాళ్లే చివర తినాలి. నిరుడు అది సహించలేక, ఆవిడ వందన సమర్పణలోనే వాతలు పెట్టింది. ఆ సంగతి ముందు చెప్పకుండానే ఆ కాగితం సంచిలోంచి తీసి నా చేతికిచ్చింది.

"అధ్యక్షులు డాక్టర్ యోగానంద్ గారి వాక్కు గంగాప్రవాహం. అందులో మునిగి ఆకలి అనే అల్పవిషయం మరిచాం. వంటింటి వనితల త్యాగం హిమాలయమంత ఎత్తు..."

"బాగుందమ్మా. పొగడ్త ఒక పాలు ఎక్కువైందేమో," అన్నాను.

పకపకా నవ్వింది. "మీరూ పడ్డారా! యోగానంద్ గారూ ఇలాగే అన్నారు. శాలువా కప్పి, ఇకనుంచి ప్రతి ఏడూ వందన సమర్పణ నువ్వే అన్నారు. ఆ రోజు మాకు మిగిలింది ఊరగాయా మజ్జిగా."

నాకు మొహం చెల్లలేదు. లైబ్రరీలు నమిలి మింగినవాణ్ణి కదా!

"ఈసారి డోసు పెంచాను. ఈసారీ చప్పట్లు కొట్టి, ప్లేట్లు పట్టుకుని ముందు వాళ్లే నిలబడ్డారంటే ఇక రాయడం మానేస్తాను. ఆడవాళ్లు మొదటి బంతిలో తినాలి. నాకింకేం వద్దు," అంది.

కొత్త కాగితం చూశాను. గంగ పోయి సముద్రం వచ్చింది. పొద్దుపోక, "మీ ఫ్యాక్టరీలో లోపం కనబడితే ఏం రాస్తారమ్మా?" అని అడిగాను.

"ఎక్కడుంది, ఎంతుంది, ఎన్ని. అంతే. అయ్యో ఘోరం అని రాస్తే సూపర్‌వైజర్ చింపేస్తాడు. వాడికి మన ఏడుపు అక్కర్లేదు, స్లిప్పు చూస్తే వాడికే..."

 కిటికీలోంచి రెండు మైళ్ల ఎడారి చూసింది. ట్రే తీసి నా ఒళ్లో పెట్టింది. పెన్సిలు తీసింది.

టూసాన్ వచ్చేదాకా పులిహోర నా మోకాళ్లు కాలుస్తూనే ఉంది. ఆవిడ కొట్టేస్తూనే ఉంది. ముందు సముద్రం పోయింది, తర్వాత హిమాలయం. రెండు చోట్ల మాత్రం ఖాళీలు వదిలింది.

"ఇవేంటి?"

"అక్కడ గడియారం చూసి నింపాలి."

సభ ఒక స్కూలు క్యాంటీన్లో. నన్నూ భోజనానికి లాక్కెళ్లింది. యోగానంద్ గారు పెద్దమనిషి, గుండె డాక్టరు, మైకు దొరికితే వదలరు. ఆయన లేవగానే వసుమతి గోడ గడియారం చూసి ఏదో రాసుకుంది. కూర్చోగానే మళ్లీ రాసుకుంది. ఆ పైన మైకు దగ్గరికి వెళ్లి, ఫ్యాక్టరీ స్లిప్పు చదివినట్టే చదివింది.

"అధ్యక్షులు రెండు మాటలు చెబుతానని పన్నెండు అయిదుకి లేచారు. రెండో మాట ఒంటిగంటా నలభైకి పూర్తయింది. ధన్యవాదాలు."

చప్పట్లు. మళ్లీ పొగడ్తే అనుకున్నారు.

"ఇవాళ వండినవారు పదకొండు మంది ఆడవాళ్లు. నిరుడూ పదకొండు మందే. నిరుడు వారు కూర్చునేసరికి మిగిలినవి మజ్జిగ, నిమ్మకాయ ఊరగాయ. ఊరగాయకు ధన్యవాదాలు."

చప్పట్లు సగంలో ఆగాయి.

"ప్రతి ఏడూ మాకంటే ముందు తిని, వంటలో విషం లేదని రుజువు చేసి, మా పదకొండు ప్రాణాలూ కాపాడుతున్న మగవారికి ధన్యవాదాలు."

 వడ్డన బల్ల దగ్గర పద్మిని అనే ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు, నవ్వు బయటపడింది. ఆ నవ్వు పది మందికి అంటుకుంది. ఆ తర్వాత ఎవరో మగాయన. ఆ తర్వాత క్యాంటీనంతా. యోగానంద్ గారి మొహం ముందు ఎర్రబడింది. ఆయన గడియారం చూసుకున్నారు. నిరుటి మజ్జిగ గుర్తొచ్చిందేమో, బుర్ర గోక్కుంటూ వడ్డన బల్ల దగ్గరికి నడిచి, పద్మిని చేతిలో గరిటె అందుకున్నారు.

"ఈసారి విషపరీక్ష మీరే చెయ్యండమ్మా. ఏమైనా అయితే నేను డాక్టర్నే, చూసుకుంటా," అన్నారు.

పదకొండు మందీ ప్లేట్లు తీసుకున్నారు. నేను వరస చివర నిలబడి, మూడింటి బస్సుకి వెళ్లాలని చెబుదామని చెయ్యెత్తాను. వసుమతి పులిహోర ప్లేటు పట్టుకుని నా ముందునుంచే వెళ్లింది. చూపు కిటికీ పక్క బల్ల మీద, పద్మిని జరిగి ఇచ్చిన చోటు మీద. నన్ను చూడనేలేదు, వెళ్లి కూర్చుని మొదటి ముద్ద పెట్టుకుంది.