నా బిడ్డ కంచంలో మిగిలిన అన్నం

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడు ఇదే మైకు పట్టుకొని, ఇదే చోట నిలబడి నేనొక అబద్ధం చెప్పినాను. అబద్ధమని తెలిసి కాదు, గర్వం కొద్దీ చెప్పినాను. మీరందరూ గట్టిగా స్తోత్రం అన్నారు, చప్పట్లు కూడా కొట్టినారు! ఆ అబద్ధం నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది. దాన్ని సరిచేసుకోవడానికే ఈరోజు మళ్లీ మీ ముందుకు వచ్చినాను.

ఇందాక వాకిట్లో సంఘపెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "దయామణమ్మా, ప్రార్థన చేసినాం, బాగయింది అని చెప్పు తల్లీ, చాలు. ఆసుపత్రి మాటలు, మాత్రల మాటలు మనకెందుకు, పెళ్లి కావాల్సిన ఆడబిడ్డ గదా" అన్నాడు. అన్నా, మీరు నా మంచికే చెప్పినారు, నాకు తెలుసు. అయినా నేను చెప్తాను! ఒకసారి అబద్ధం చెప్పిన నోటితో రెండోసారి సగం నిజం చెప్పలేను. నా బిడ్డను అడిగే వచ్చినాను. ఆ మూడో వరసలో కూర్చొని ఉంది చూడండి, షారోను. "చెప్పమ్మా, అయితే ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు" అనింది.

షారోను ఇంటర్ రెండో సంవత్సరం, కోట టౌనులో కాలేజీ, రోజూ బస్సులో పోయి వచ్చేది. ఆదివారం వస్తే పాటల గుంపులో ముందు నిలబడేది, సండే స్కూల్ పిలకాయలను చుట్టూ కూర్చోబెట్టుకొని కథలు చెప్పేది, నవ్విందంటే పక్కింటోళ్లకు వినపడాల్సిందే. అలాంటి బిడ్డ పోయిన ఏడు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. ముందు పాట మానేసింది, గొంతు బాగలేదనింది. తరవాత కాలేజీ నుంచి రాగానే పడుకోవడం, లేపితే చికాకు, జడ వేసుకోమంటే ఏడుపు. మార్కులు తగ్గితే ఫోన్ వల్ల అనుకున్నాం, ఫోన్ లాక్కున్నాం. ఫోన్ తీసేసినా ఆ బిడ్డ అడగలేదండీ! అప్పుడైనా నాకు తెలియాల్సింది. ఈ కాలం పిల్ల వారం రోజులు ఫోన్ అడగకపోతే నేను సంతోషపడినాను, మారుమనసు వచ్చిందనుకున్నాను!

ఆ తరవాత అన్నం. ఒక శుక్రవారం "అమ్మా, నాకొద్దు, ఉపవాసం ఉంటాను" అనింది. ఎంత సంబరపడినానో! తరవాత శుక్రవారంతో పాటు బుధవారం, ఆ తరవాత వారానికి నాలుగు రోజులు. తింటానన్న రోజు కూడా కంచం పట్టుకొని పెరటి గుమ్మంలో కూర్చునేది, నేను పొయ్యి దగ్గర ఉండి చూసేదాన్ని కాదు. ముఖం పీక్కుపోతోంది, ఆ ముఖంలో నాకు భక్తి కనపడింది. స్త్రీల కూడికలో లేచి ఈ మైకు పట్టుకొని, "నా బిడ్డకు దేవుడు ఉపవాస కృప ఇచ్చినాడు" అని సాక్ష్యం చెప్పినాను. మీలో కొందరు ఇంటికి పోయి మీ ఆడపిల్లలను తిట్టినారు కూడా, షారోనును చూసి నేర్చుకోండే అని! నేను తల ఎగరేసుకొని తిరిగినాను. ఆ బిడ్డ వెనక వరసలో కూర్చొని అంతా వినింది.

మనిళ్లలో బిడ్డ అన్నం వద్దంటే ఎందుకని పదిసార్లు అడుగుతాం, ఉపవాసం అంటే మాత్రం ఇంక అడగం. అడగడమే పాపమన్నట్టు ఊరుకుంటాం. నా బిడ్డ ఆ ఒక్క మాట వెనకాల దాక్కుంది, ఆ తలుపు బయట గొళ్లెం పెట్టింది నేను.

మా ఆయన ఏసురత్నం మీకు తెలుసు, చివరి వరసలో గోడకానుకొని కూర్చుంటాడు, ఆమెన్ కూడా గట్టిగా అనడు. రొయ్యల గుంటల మీద పని. గుంటలో చెక్ ట్రే అని వలగుడ్డ కట్టిన పళ్లెం ఒకటి దించి ఉంటుంది, అందులో కొంచెం మేత వేసి, రెండు గంటలకు పైకి లాగి చూస్తారు. మేత అయిపోయి ఉంటే రొయ్య బాగున్నట్టు. మిగిలిందా, ఆ మనిషి కాలు నిలవదు! నీళ్లు సీసాలో పట్టుకొని ల్యాబుకు పరిగెత్తుతాడు, నలుగురికి ఫోన్లు చేస్తాడు, తిండి కూడా తినడు.

కాలేజీ సెలవున్న ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకు ఏదో మరిచిపోయి ఇంటికొచ్చినాడు. పెరట్లో కోళ్లన్నీ షారోను చుట్టూ చేరి ఉన్నాయి. అన్నం ముద్దలు ముద్దలుగా కింద పడి ఉంది, కోళ్లు రోజూ అలవాటైనట్టు తింటున్నాయి, బిడ్డ వాటివైపు కూడా చూడకుండా కూర్చొని ఉంది. ఆయన నా దగ్గరికొచ్చి, "ఏంది మే ఇది, ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. ఉపవాసమయ్యా, బిడ్డకు ప్రార్థన భారం కలిగింది అన్నాను. పెళ్లయి ఇరవై ఏళ్లలో ఆయన నా మీద గొంతు లేపింది ఆ రోజే.

"ట్రేలో మేత మిగిలితే రొయ్యకు జబ్బు అంటామే! దాన్ని ఎవురన్నా భక్తి అంటారా? రొయ్యకు ఉన్న విలువ నా బిడ్డకు లేదా?" అన్నాడు.

సహోదరీలారా, చేతిలో గరిటె అక్కడే పడేసినాను. పోయి బిడ్డ పక్కన కింద కూర్చున్నాను. వాక్యం చెప్పలేదు, తిట్టలేదు. అమ్మా, అది ఉపవాసమేనా అన్నాను. "కాదమ్మా. నాకు ప్రార్థనే రావడం లేదు. కూర్చుంటే ఏడుపొస్తుంది, లేకపోతే ఏమీ రాదు. నువ్వు మైకులో చెప్పినాక ఇంక ఎవురికీ చెప్పలేకపోయినాను. నేను లేకపోతే మీకు నెమ్మదిగా ఉంటది" అనింది. బిడ్డ చెయ్యి పట్టుకొని అడిగినాను, "చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?" అని. తల ఊపింది! ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడతాం మనం. కాదు! అడిగినాకే నా బిడ్డ నా మెడ పట్టుకొని ఏడ్చింది.

ఆ పెరట్లోనే, కోళ్ల మధ్యనే ప్రార్థన చేసినాను. ఇంపైన ప్రార్థన కాదు, పోట్లాట! "ప్రభువా, నీ పేరు చెప్పుకొని నేను గొప్పలు పోయినాను, ఆ శిక్ష నా బిడ్డకు వద్దు. నువ్వు ఏ గుమ్మం ఎక్కమంటే ఆ గుమ్మం ఎక్కుతాను, ఎవురు నవ్వినా ఎక్కుతాను, నా బిడ్డను మాత్రం నాకు దక్కించు" అన్నాను. మా ఆయన గుంట పని వేరేవాళ్లకు అప్పజెప్పి అప్పటికే చొక్కా మార్చుకొని నిలబడి ఉన్నాడు. ఒక్క నిమిషం కూడా ఆ బిడ్డను ఒంటరిగా వదలకుండా కోటలో ఆసుపత్రికి తీసుకొని పోయినాం. అక్కడి డాక్టరమ్మ అంతా విని, దీన్ని డిప్రెషన్ అంటారు, ఇది జబ్బు, మొండితనం కాదు, దయ్యం కాదు, మీ పెంపకం తప్పూ కాదు, తగ్గుతుంది అని చెప్పి, ఆ రోజే నెల్లూరులో మనసు డాక్టరు దగ్గరికి పంపించింది.

అప్పుడు మొదలైనాయి మాటలు! పిచ్చి డాక్టరు దగ్గరికి తీసకపోయినారంట. మాత్రలు మింగిస్తే విశ్వాసం ఏమైనట్టు అంట. అన్నలారా, అక్కలారా, ఈ గుడిలో షుగరు మాత్ర వేసుకోకుండా వచ్చిన పెద్దోళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి! మన అయ్యగారు కళ్లద్దాలు పెట్టుకొనే వాక్యం చదువుతారు, ఆయన విశ్వాసాన్ని మనం ఎవరమైనా అడిగినామా? నా బిడ్డ మాత్ర ఒక్కటే మీకు అవిశ్వాసంగా కనపడిందా? సంబంధాలు రావు అన్నారు. రాకపోతే పోనీ! బిడ్డ బతికుంటే కదా సంబంధం!

ఒక్కరోజులో బాగయిందని చెప్పను. మొదటి వారాల్లో ఏ మార్పూ లేదు, మందు పట్టడానికి టైం పడుతుందని డాక్టరు ముందే చెప్పినాడు. మందుతో పాటు కూర్చోబెట్టి మాట్లాడే ఆమె ఒకరు, వారం వారం పోయినాం. కొంచెం బాగున్నట్టు అనిపించి మాత్ర మానేద్దామంటే, మీ అంతట మీరు మానొద్దని గట్టిగా చెప్పినారు. పాస్టరమ్మగారు ప్రతి శుక్రవారం క్యారియరులో చేపల పులుసు తెచ్చి, ఏమీ అడక్కుండా బిడ్డ పక్కన కూర్చొని తానూ తినిపోయేది. ఆ శుక్రవారాలు ఉపవాసం ఉండింది నేను, తినింది నా బిడ్డ. ఆ ఉపవాసమే దేవుడు అంగీకరించినాడని నేను నమ్ముతున్నాను, దేవునికే మహిమ! గుడిలో నోరు విప్పని మనిషి నోటితో నన్ను గద్దించింది ఆ దేవుడే, డాక్టరమ్మ చేతిలో మందు పెట్టింది ఆయనే. ఆయన పంపిన సాయాన్ని దాచిపెట్టి ఆయనకు మహిమ ఎట్లా ఇయ్యమంటారు?

నా బిడ్డ ఈరోజు పాడదు, పాడమని ఎవరూ అడగొద్దు. మాత్రలు ఇంకా వేసుకుంటోంది, నేను సిగ్గుపడను. మీరు మాత్రం ఈరోజు ఇంటికి పోయి మీ పిలకాయల పక్కన కూర్చొని తినండి, కంచం చూడండి, ముఖం చూడండి, రెండు వారాలుగా బిడ్డ బిడ్డలాగా లేకపోతే అడగండి, భయపడకుండా అడగండి. ప్రార్థన చేయండి, చేసిన వెంటనే లేచి డాక్టరు దగ్గరికి పోండి. తోడు కావాలంటే నన్ను పిలవండి, ఏ ఊరి నుంచి పిలిచినా వస్తాను. ఎవురేమనుకుంటారో అని ఆగొద్దు, అనేవాళ్లకు నేను చెప్తాను సమాధానం!

మా ఆయన ఇప్పటికీ మూడు పూటలా వచ్చి బిడ్డ కంచంలోకి తొంగి చూస్తాడు. పోయిన నెల ఒక మధ్యాహ్నం షారోను తినేసి, ఆ కంచం రెండు చేతులతో ఎత్తి ఆయన ముఖానికి ఎదురుగా పెట్టింది.

"నాన్నా, ట్రే ఖాళీ! పో, పోయి నీ రొయ్యలను చూసుకో" అని నవ్వింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది, ఎవురా నవ్వేదని.