ఇత్తడి రేకు మీద మూడు నల్ల పక్షులు

శనివారం ఉదయం 8:10కి కేంబ్రిడ్జ్‌లో కార్‌పూల్ ఎక్కాను. లండన్‌కి ఇరవై నిమిషాల ఇవతల ఒక పల్లెటూరి చర్చి దాకా ప్రయాణం. ఆ చర్చి గోడకున్న ఇత్తడి రేకును నేను పాడుచేశాను. ఆ సంగతి చర్చి బాగోగులు చూసుకునే ఈవ్లిన్ గారికి చెప్పాలి. మర్నాటికి ఆమె భర్త పోయి ఏడాది. బంధువులంతా వచ్చి ఆ రేకు ముందే నిలబడతారు.

డిజైన్ కోర్సులో ఏదైనా ఒక వంశచిహ్నం గురించి రాయమంటే, మూడు వారాల కిందట మొదటిసారి అక్కడికి వెళ్లాను. రేకు మీద ఈవ్లిన్ గారి అత్తింటివాళ్ల పేర్లున్నాయి. పైన ఒక డాలు, అందులో మూడు పక్షులు. కాగితం పరిచి నల్ల మైనంతో రుద్దితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఆమె నన్ను నమ్మి గంటసేపు ఒంటరిగా వదిలారు. పక్షులు మసి పట్టినట్టు కనిపించాయి. పాలకొల్లు దగ్గర మా చర్చిలో ప్రతి శనివారం ఇత్తడి సిలువనీ కానుక పళ్లేలనీ చింతపండుతో తోమడం ఆడపిల్లల వంతు. దారిలో కొన్న చింతపండు బ్యాగులో ఉంది, చర్చి వంటగదిలో గిన్నెలు తోమే పీచు ఉంది. చేతులు ఊరుకోలేదు. రేకు తళతళలాడింది. ఈవ్లిన్ గారికి చూపు సరిగా ఆనదు, గమనించలేదు. నేను గర్వంగా ఇంటికొచ్చాను.

తోమకముందు, తోమాక తీసిన రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసిన మా ప్రొఫెసర్ "నలుపు ఏమైంది?" అన్నారు. అది మురికి కాదట, చెక్కిన గుంటల్లో నింపిన రంగట. ఇది ఫలానా వంశం అని చెప్పేది ఆ రంగేనట. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

కారు నడిపే మహేశ్‌ది కరీంనగర్. చదువుకుంటూ వేర్‌హౌస్‌లో పనిచేస్తాడు. 9:05కి కాఫీకి ఆపి డబ్బా మూత తీశాడు. పులిహోర. వాసన తగలగానే ముఖం తిప్పుకున్నాను.

"ఏందక్కా, పులుపు పడదా?"

మొత్తం చెప్పాను.

"గట్లయితే చెప్పకక్కా. కేసు గీసు అయితే ఈడనే ఉండెతందుకు పీఆర్‌కు అప్లై చేసుడు కష్టమైతది" అన్నాడు.

ఆ భయం నాకూ ఉంది. కానీ సగం దూరం వచ్చేశాను.

10 గంటలకి నన్ను చర్చి దగ్గర దింపి అతను లండన్ వెళ్లాడు. ఈవ్లిన్ గారు పూలు సర్దుతున్నారు. చెప్పేశాను. ఇంగ్లిషులో చింతపండు గురించి వివరించడం కష్టం. అంతకంటే కష్టం, ఎందుకు తోమానో చెప్పడం. ఏడుపొచ్చింది. ఆమె రేకు దగ్గరికి వెళ్లి ఒక్కో పక్షినీ వేలితో తడిమి చూశారు.

"నేనూ తోమాను, వెనిగర్‌తో, పెళ్లయిన ఏడాది" అన్నారు. "మా అత్తగారు తిట్టలేదు. ఒక డబ్బా చేతికిచ్చారు."

బీరువాలోంచి చిన్న నల్లరంగు డబ్బా, రెండు కుంచెలు తెచ్చారు. రంగు వేయడం ఆ ఇంటి కోడళ్ల పనట. ఆమెకి పిల్లల్లేరు, కాబట్టి తర్వాత కోడలూ లేదు. కుంచె నాకిచ్చారు.

ఆ పక్షులకి కాళ్లుండవు. ఎక్కడా వాలవని అర్థమట. స్టూడెంట్ వీసా మీద వచ్చినవి కాబోలు. రెండు పక్షులు పూర్తయ్యేసరికి 12:30 అయింది. మూడోది తను వేస్తానన్నారు. ముఖం రేకుకి బాగా దగ్గరగా పెట్టి వేశారు. తోక దగ్గర రంగు గీత దాటి బయటికొచ్చింది. అలవాటు కొద్దీ నా చెయ్యి వెంట తెచ్చుకున్న గుడ్డ మీదికి వెళ్లింది.

"ఎలా ఉంది?" అని అడిగారు, రేకుకేసి కళ్లు చిట్లించి.

"ఆరాలి, అంతే" అన్నాను. గుడ్డ మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను.

తర్వాత చర్చి పక్కనే ఉన్న ఆమె ఇంట్లో సూప్, బ్రెడ్డు. 3 గంటలకి మహేశ్ వచ్చి "కేసా?" అని అడిగాడు. "కాదు, పెయింటింగ్" అని, మిగిలిన పులిహోర అడిగి తీసుకుని కేంబ్రిడ్జ్ వచ్చేలోపు డబ్బా ఖాళీ చేశాను.

అటువైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. ఆదివారం తప్ప చర్చికి తాళం ఉంటుంది, పక్కింట్లో అడిగితే తీస్తారు. రేకు ఎడమ గోడకి ఉంది. మూడో పక్షి తోక మిగతా రెండింటికంటే కాస్త పొడుగు. అది మురికి కాదు, దయచేసి తుడవకండి.