చౌడక్క మూసిన చెయ్యి

రొద్దం ఊరి చౌడక్కకు సంతకం తప్ప రాత రాదు. కానీ అత్తగారింటి తరతరాల పేర్లు నోటికొచ్చు. ఏటా ఇంటిదేవుని పూజనాడు చచ్చిపోయినవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుని, దోసిట్లోంచి కొంచెం నీళ్లు వదిలేది. ఎవరు ఎవరి బిడ్డో, ఏ ఊరి పిల్లో కూడా చెప్పేది.

నరసక్క పేరు దగ్గర మాత్రం ఆమె చెయ్యి మూసే ఉండేది.

నరసక్క ఆమె తోడికోడలు. మొగుడి దెబ్బలు పడలేక ఇల్లు వదిలి పోయింది. ఇంటి మగవాళ్లు తలస్నానం చేసి, అది మాకు చచ్చిందన్నారు. పూజలో ఆ పేరూ చదవాలన్నారు. చౌడక్క పేరు చెప్పింది, నీళ్లు మాత్రం వదల్లేదు. నరసక్క తాడిమర్రిలో మళ్లీ పెళ్లి చేసుకుని బతికే ఉందని ఆమెకొక్కతికే తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. నరసక్క కొడుకు నాగరాజుకు కూడా తల్లి మొదటి పెళ్లి సంగతి తెలియదు.

2007లో చౌడక్క చెల్లెలి కొడుకు ప్రేమ్ కుమార్ పూజకు వచ్చాడు. హిందూపురంలో అతనికి నెట్ సెంటర్ ఉంది. పెద్దమ్మ చెప్పిందంతా సెల్లులో రికార్డు చేసుకుపోయాడు. కొన్ని నెలలకు మళ్లీ వచ్చాడు, ముఖం వాడిపోయి.

"పెద్దమ్మా, పరిగి ఎల్లప్ప కూతురు నరసక్క నిజంగా సచ్చిపోయిందా?"

చౌడక్క చేట కింద పెట్టింది. "ఏమిటికి అడుగుతాండావు?"

"ధర్మవరం నుంచి ఒకాయన ఫోన్ చేసినాడు. తాడిమర్రిలో ఆ పేరామె కొడుక్కి వాళ్ల చెల్లెల్ని ఇయ్యాలనుకున్నారంట. ఇంటర్నెట్‌లో చూస్తే ఆమెను రొద్దానికి ఇచ్చినట్ల, సచ్చిపోయినట్ల ఉండాదంట. ఆదివారం పోయి నిలదీస్తారంట."

"ఇంటర్నెట్‌లో ఎవరు పెట్టిరి?"

"నేనే. నలుగురి ముందర చెప్పిన పేర్లే గదా పెద్దమ్మా. పేర్లు ఎవరి సొత్తూ కాదు."

"ఆయప్పకు నీ నంబరు యాడ దొరికె?"

"కింద నా పేరు, నంబరు ఉండాది. ఎవరూ కాపీ కొట్టగూడదని కూడా రాసినా."

"మావైతే ఎవరి సొత్తూ కాదు. నువ్వు దించుకున్న గడియకే నీ సొత్తయిపాయనా?"

ప్రేమ్ కుమార్ సెల్లు తీసి ఆ రికార్డు వినిపించబోయాడు.

"నా నోరు ఎత్తుకపోతివి. నా చెయ్యి చూస్తివా అబ్బా? దాంట్లోంచి నీళ్లు పడలేదని కనపడెనా?"

అతను ఆ రోజే హిందూపురం పోయి తీసేశాడు. తీసేశాక ఫోన్ చేశాడు. అప్పటికే ఇంకెవరో దించుకుని తమ సైట్‌లో పెట్టుకున్నారట, కింద తమ పేరు వేసుకుని. అడిగితే తీసేది లేదంటున్నారట.

"నీ శిష్యులేలే," అంది చౌడక్క.

శనివారం పొద్దున్నే బస్సెక్కింది. ధర్మవరంలో బస్సు మారేటప్పుడు ఎవరు తాడిమర్రి పేరెత్తినా ఉలిక్కిపడింది. ఆ పిల్ల తరపువాళ్లు ఈ రోజే పోతున్నారేమో, తనకంటే ముందే ఆ గడప తొక్కుతారేమో.

నరసక్క వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. చౌడక్కను చూసి లేవలేదు.

"నువ్వు ఈడికి వచ్చినావంటే ఏదో మునిగిపోయిండాదిలే. చెప్పక్కా."

చౌడక్క చెప్పింది. నరసక్క చేతిలో కాయ అట్లే ఉండిపోయింది.

"నా కొడుక్కి పరాయోడు చెప్పల్లనా?"

"అందుకే వస్తి. ముందు నువ్వు చెప్పుకో."

నాగరాజు చేను నుంచి రాగానే తల్లి అతన్ని కూర్చోబెట్టి అంతా చెప్పింది.

"నాయనకు తెలుసునా?"

"తెలిసే చేసుకున్నాడు."

"రేపు వాళ్లొస్తే ఎవరు మాట్లాడల్ల?"

"నేనే మాట్లాడతా. సచ్చినదాన్ని, నాకేం బయం?"

నాగరాజుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మరుసటి రోజు పెళ్లికూతురి అన్న ప్రింటు కాగితం పట్టుకుని వచ్చాడు. నరసక్క దాచకుండా చెప్పింది. ఆయన మర్యాదగానే విన్నాడు. సంబంధం మాత్రం తప్పిపోయింది.

తర్వాతి ఏడు పూజలో చౌడక్క ముందుగా సెల్లులన్నీ ఒక గంపలో వేయించింది. నరసక్క పేరు చెప్పలేదు. మగవాళ్లు గుర్తుచేశారు.

"బతికుండేవాళ్ల పేరు వాళ్లను అడక్కుండా చెప్పను. కావల్లంటే మీరు చదువుకోండి."

ఆ పేర్లు వాళ్లెవరికీ పూర్తిగా రావు, ఊరుకున్నారు. కానీ దించుకున్న ఆ ఇంకొకరి సైట్‌లో నరసక్క ఇప్పటికీ చచ్చిపోయే ఉంది.