నేను వేసిన ఇంటి నంబర్లు

ఉదయం ఆరూ నలభైకి నేను తారు డబ్బాలో కుంచె ముంచాను. టైము గుర్తుండటానికి కారణం ఉంది. ఊరి బయట కొత్త ఫ్యాక్టరీ పునాది పనికి కూలీలను తీసుకుపోయే లారీ రోజూ ఆ వేళకే మా బడి ముందు ఆగేది. వడ్డెర రాజయ్య లారీ ఎక్కుతూ నన్ను చూసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. కుంచె ఆ చేతిలోనే ఉంది.

ఆ రోజు చేసిన పనిని యాభై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. రాజయ్యకు చెప్పలేదు. పోయిన నెల ఆయన చనిపోయాడు. సంతాప సభలో చదవడానికి మా మూడో వార్డు ఎన్నికల చరిత్ర రాసివ్వమని వాడవాళ్లు అడిగారు. నాలుగు పేజీలు రాసిచ్చాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఈ సంగతీ లేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఊరు పటాన్‌చెరు నుంచి భానూర్ పోయే దారి పక్కన ఉంటుంది. అరవైల్లో ఆ బడికి నేనొక్కణ్ణే పంతుల్ని. ఓటర్ల జాబితా రాయాలన్నా, ఇళ్లకు నంబర్లు వేయాలన్నా నన్నే పంపేవాళ్లు. ఇంటింటికీ నడిచి తలుపు మీద తారుతో నంబరు వేయాలి. ఆ నంబర్ల వరుసను బట్టి, ఇక్కడిదాకా ఒకటో వార్డు, అక్కడిదాకా రెండోది అని పంచాయతీ వార్డులను విడగొట్టేవాళ్లు. అంటే, పంతులు ఏ దారిన నడిస్తే వార్డు ఆ దారిన పోతుంది. ఈ సంగతి సంగారెడ్డి ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్లో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

వడ్డెరవాడ ఊరికి దక్షిణాన ఒకే బారు వీధి. నలభై ఇళ్లు. రాయి కొట్టేవాళ్లు, బావులు తవ్వేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లలో సగం బావులు వాళ్లు తవ్వినవే. వాళ్ల వాడలో మాత్రం బావి లేదు. నీళ్లకు పటేల్ పొలంలోని బావికి పోవాలి. పొలానికి మోట కొట్టడం అయ్యేదాకా ఆడవాళ్లు బిందెలతో గట్టు మీద నిలబడాలి. ఎండాకాలం ఒక్కోసారి మధ్యాహ్నం దాటేది. వాడకు ఒక బావి మంజూరు కావాలంటే పంచాయతీలో వాళ్ల మనిషి ఉండాలి. రాజయ్య మెంబరుగా నిలబడతానన్నాడు. ముప్పై ఏళ్ల వయసులో, పని నుంచి వచ్చాక, మా బడి అరుగు మీద నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఏడాది తిరిగేసరికి వాడకంతటికీ పేపరు చదివి వినిపించేవాడు.

పటేల్ అప్పుడు సర్పంచి. ఆ రోజుల్లో సర్పంచిని మెంబర్లే ఎన్నుకునేవాళ్లు. ఒక్క మెంబరు తగ్గితే ఆయన పదవి పోతుంది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, తన పక్కన కుర్చీ వేయించి, చాయ్ ఇప్పించాడు. వడ్డెరవాళ్లంతా ఒక్క కట్టు మీద ఉన్నారని, ఆ వార్డు తనకు రాదని అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కథ వేరు. పటేల్ నన్ను బెదిరించాడని, బదిలీ చేయిస్తాడని భయపడ్డానని, అప్పుడు నా భార్య నిండుచూలాలు గనుక మరో దారి లేకపోయిందని. నా భార్య నిండుచూలాలు అన్నది నిజం. మిగిలింది నేను కల్పించుకున్నది. ఆయన బెదిరించలేదు. కనీసం అడగలేదు. ఉపాయం నాదే. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, నేనే చెప్పాను. ఎందుకు చెప్పాను? ఆ ఊళ్లో అంత తెలివైన ఆలోచన నాకొక్కడికే వచ్చిందన్న గర్వంతో చెప్పాను. పటేల్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంతకు ముందు నన్నెవరూ అలా చూడలేదు.

పని సులువు. వడ్డెరవాడ మధ్యలో ఎడమకు ఒక సందు ఉంది. మొదటి ఇరవై ఇళ్లకు నంబర్లు వేసి ఆ సందులోకి తిరిగాను. అటునుంచి రైతుల వీధులన్నీ చుట్టి, చివరకు వాడ రెండో కొసన తేలాను. మిగిలిన ఇరవై ఇళ్లకు అప్పుడు వేశాను. మొదటి సగం పటేల్ వీధితో కలిసి మూడో వార్డయింది. రెండో సగం అయిదో వార్డులో పడింది. రెండు చోట్లా వాళ్లు తక్కువే. నంబర్లు మాత్రం చక్కగా వేశాను. ఒక్క అంకె వంకర పోలేదు.

ముసాయిదా జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన రోజు రాజయ్య బడికి వచ్చాడు. వెంట ఆయన భార్య ఎల్లమ్మ. చంకలో ఖాళీ బిందె.

"సారూ, నాది మూడో వార్డట, మా తమ్మునిది అయిదో వార్డట. గోడకు గోడ ఆనుకొని ఉన్నం. గిదేంది?" అన్నాడు రాజయ్య.

"నంబర్ల వరుస గట్ల వచ్చింది."

"నంబర్లు ఏసింది నువ్వే గద?"

"ఏసింది నేనే. వార్డులు చేసింది సర్కారు."

ఎల్లమ్మ నవ్వింది. "గంత ముద్దుగ ఎందుకేసినవ్ సారూ? తన ఇల్లే ఆఫీసనుకొని మా మరిది తలుపు కొట్టి లోపలికొస్తుండు. ఇగ ఉప్పు బదులు తేవాల్నన్నా నేను ఇంకో వార్డుకు పోవాలె."

"జెర ఆగవే" అని ఆమెను కసిరి, తనూ నవ్వి, రాజయ్య నా వైపు తిరిగాడు. "అర్జీ పెడదామనుకుంటున్న సారూ. ఇంక మూడు దినాలు టైమున్నదట. నువ్వు రాసియ్యి, నేను సంగారెడ్డి పోయి ఇచ్చొస్త."

ఊళ్లో అర్జీలు రాసేది నేనొక్కణ్ణే.

"రాస్త గని లాభం లేదు రాజయ్యా. ఎవరు నడిచినా వరుస గట్లనే వస్తది. కూలి పోగొట్టుకొని గంత దూరం ఎందుకు?"

"నువ్వు గట్లంటే గంతే సారూ" అన్నాడు.

నంబర్లు వేసినప్పటి తప్పు కంటే ఇది పెద్దదని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మొదటిదాన్ని గర్వం అనుకోవచ్చు. రెండోదాన్ని ఏమనాలి? దిద్దుకోవడానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి. కాగితం నా దగ్గర ఉంది. అడిగిన మనిషి నా ఎదురుగా ఉన్నాడు. సారు చెప్పిండు, అర్జీతో అయ్యేది లేదు, అని ఆయన వాడలో కోపంగా ఉన్నవాళ్లను తనే సముదాయించాడని తరువాత విన్నాను. నా అబద్ధానికి తన మాటను పూచీగా పెట్టాడు.

ఓడిపోయాడు. పటేల్ మళ్లీ సర్పంచి అయ్యాడు. బావి మంజూరు కాలేదు.

తరువాత జరిగింది చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. నాకు ఆ హక్కు లేదని తెలుసు. అయినా చెబుతాను. ఫ్యాక్టరీ పనికి సెలవున్న రోజుల్లో వడ్డెరవాళ్లు తమ వాడలో తామే బావి తవ్వడం మొదలుపెట్టారు. నాలుగు గజాల కింద రాయి తగిలింది. రెండు ఎండాకాలాలు ఆ రాయితో పోరాడారు. వారమంతా పెద్ద మిషన్ల కోసం పునాదులు తవ్విన చేతులు సెలవు రోజున తమ కోసం తవ్వాయి. ఎల్లమ్మా, మిగతా ఆడవాళ్లూ గంపలతో రాళ్లు మోశారు. ఎవరి సంతకమూ అడగలేదు. నీళ్లు పడ్డ రోజు ఊరంతా వెళ్లింది. పటేల్ వచ్చి, గట్టు మీద నిలబడి లోపలికి చూసి వెళ్లిపోయాడు. మా ఊరు గొప్పగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఈ పనే.

డెబ్బైల్లో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. రాజయ్య అదే మూడో వార్డులో నిలబడ్డాడు. తన వాళ్లు సగం మందే అందులో ఉన్నారు. అయినా గెలిచాడు. ఆ బావిని చూసిన రైతులు వేశారు. పటేల్ వీధిలో కూడా వేశారు. నేనూ వేశాను. నా ఓటు లెక్కలో పడిందని సంతోషించాను. దాంతో ఏదో తీరిందని కూడా అనుకున్నాను. ఏమీ తీరలేదు.

కొన్నాళ్లకు ఇళ్లకు మళ్లీ నంబర్లు వేయాల్సి వచ్చింది. ఈసారి పంచాయతీ నన్ను పిలవలేదు. పక్క ఊరి పంతులు వచ్చి, ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా నడిచాడు. నలభై ఇళ్లకూ ఒకే వరుస వచ్చింది. ఎవరు నడిచినా గట్లనే వస్తదని నేను చెప్పిన మాట అబద్ధమని అలా అందరి తలుపుల మీదా తేలిపోయింది. రాజయ్య చూశాడు. లెక్క తెలియని మనిషి కాదు.

నన్ను ఏమీ అడగలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే "బాగున్నవా సారూ" అనేవాడు. అర్జీలు మాత్రం ఆ తరువాత తన బిడ్డతో రాయించుకున్నాడు. ఆ పిల్లకు అక్షరాలు నేర్పింది నేనే. ఆమె రాసిన అర్జీ ఒకటి పంచాయతీ ఆఫీసులో చూశాను. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నేను రాసిన వాటికంటే బాగుంది. చదివి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పాఠం చెప్పినవాడిగా గర్వపడ్డాను. ఆ గర్వం కిందనే మిగతాదంతా ఉంది.

ఆయన క్షమించాడా? అలా అనుకోవడానికి ఆధారం లేదు. క్షమించలేదని అనడానికీ లేదు. ఆ తరువాతి నలభై ఏళ్లలో ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని ఈ నాలుగు మాటలు చెప్పడానికి నాకు ఏం అడ్డమొచ్చింది? ఆయన అందరి ముందూ నన్ను సారూ అని పిలవడం మానేస్తాడని భయం. అంతే. అంత చిన్నది.

నంబర్లు ఆ వరుసలో వేసింది నేను. ఉపాయం చెప్పింది నేను. అర్జీ రాయకుండా ఆపింది నేను. రాసేశాను.

వడ్డెరవాడ ఆడవాళ్లు ఇప్పుడు నీళ్ల కోసం ఎవరి బావి గట్టు మీదా నిలబడరు.