మా యాడి చెవిమిషన్, నా రేడియో ముచ్చట

మొన్న ఆదివారం నుంచి మహబూబాబాద్‌ల నేను తలెత్తుకొని నడుస్తలేను. నిన్న మార్కెట్‌కు పోతే టమాటలమ్మే ఆమె గూడ "మీ యాడి మంచిగున్నదా డాక్టరమ్మా" అని అడిగింది. అంతకుముందు ఎన్నడు నన్ను పలకరియ్యలే. అంతా రేడియో పుణ్యం. చాయ్ తాగుకుంట వినండి, చెప్త.

నా పని మీకు తెలుసు గదా. వినికిడి తగ్గినోళ్లకు పరీక్ష చేసి, చెవిమిషన్ పెట్టి, ఎట్ల వాడాల్నో నేర్పుత. అసలు డాక్టర్‌ను కాదు గానీ అందరు డాక్టరమ్మ అంటరు, నేను గూడ కాదనను. మా యాడి, అంటే మా అమ్మ, నా దగ్గరనే ఉంటది. మేం గార్ల దగ్గరి తండాల పుట్టినోళ్లం. ఇంట్ల మాట్లాడేది మా గోర్ బోలి, అంటే లంబాడీ భాషనే.

యాడికి చెవులు బాగ మందం. మంచి మిషన్ తెచ్చి నా చేతులతోనే పెట్టిన. నేను పెట్టి ఇటు తిరగంగనే తీసి కొంగుకు ముడేసుకుంటది. ఆ మిషన్‌ను ఆన్‌ల ఉంచి మూసిపెడితే కుయ్యిమంటది. కొంగు కూసిందంటే చెవి ఖాళీగున్నదని నాకు తెలిసిపోతది. ఎందుకు తీసినవంటే చెప్పది. బతిలాడిన, అలిగిన, ఏం లాభం లేదు. ఊరందరికి పెట్టిచ్చుకుంట సొంత తల్లికి పెట్టియ్యలేకపోతినని లోపల ఒకటే బాధ.

గిట్లుండంగ రేడియోవాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. సైన్సు గురించి, సమాజం గురించి తెలిసినోళ్లతోని మాట్లాడిచ్చే ప్రోగ్రామట. చెవిమిషన్ల మీద లైవ్‌ల మాట్లాడాలె, ఇంటికాడి నుంచి ఫోన్‌ల మాట్లాడితే చాలన్నరు. నా కాళ్లు నేల మీద ఆగలే. తలుపులు పెట్టుకోమన్నరు, ఫ్యాన్ ఆపమన్నరు, దగ్గర్ల రేడియో మోగొద్దని మరీ మరీ చెప్పిన్రు. ఆ ఆదివారం బెడ్‌రూంల కూసొని చెమటలు కక్కుకుంట మొదలుపెట్టిన.

మంచిగనే నడిచింది. మిషన్ పెట్టుకునుడు సిగ్గుపడే పని కాదు, అది పెట్టుకుంటే ఇంట్లోళ్లు దగ్గరైతరు అని దంచికొట్టిన. రేడియో మేడం ముచ్చటపడి, మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా అని అడిగింది. లేదని ఊకుంటే అయిపోతుండె. నా నోరు ఊకుంటదా? మా అమ్మ పొద్దున పెట్టుకుంటే మల్ల పండేటప్పుడే తీస్తదని చెప్పిన.

గా మాట అన్ననో లేదో, వరండాల నుంచి నా గొంతే బోరుమని మోగుడు షురువైంది. యాడి పక్కింటి ఆడోళ్లను పిలుచుకొని, వాళ్లతోని ఫోన్‌ల రేడియో యాప్ పెట్టిచ్చుకొని, దాన్ని బ్లూటూత్ డబ్బకు కలిపిచ్చి ఫుల్ సౌండ్ పెట్టుకున్నది. చెవుల మిషన్ లేకపాయె, ఫుల్ పెట్టకుంటే ఎట్ల వినాలె? ఎకో వస్తోంది, ఒక పాట విందాం, ఈలోపు చూసుకోండి అన్నది రేడియో మేడం. ఫోన్ చేతుల పట్టుకొనే వరండాలకు ఉరికిన.

డబ్బల పాట వస్తున్నది, అది అయినంక బంద్ చేస్తమని పక్కింటోళ్లు బతిలాడిన్రు. పాట అయ్యేదాక నాకు టైం ఉన్నదనుకున్న. గీడనే దెబ్బతిన్న. యాప్‌ల వచ్చే రేడియో స్టూడియోల మాట కంటె అర నిమిషం వెనకబడి నడుస్తది. డబ్బల ఇంకా పాట వస్తనే ఉన్నది. ఆడ స్టూడియోల పాట అయిపోయింది, నా లైన్ మల్ల తెరిచిన్రు. ఫోనేమో చెవి కాడ లేదు, చేతుల ఉన్నది. నేను మా భాషల, యాడికి వినపడాలని గొంతు చించుకొని అరుస్తున్న.

"మిషన్ ఏది? మల్ల కొంగులనేనా? పొద్దంతా పెట్టుకుంటవని దేశమంతటికి అబద్ధం చెప్పిన. నా ఇజ్జత్ తీస్తవా?"

యాడి కోపం చెయ్యలే. చెయ్యి పట్టి నన్ను మంచం మీద కూసోబెట్టుకున్నది. తన గొంతు తనకు వినపడది కాబట్టి ఆమె గూడ గట్టిగనే మాట్లాడుతది.

"మిషన్ ఉంటే నువ్వు వంటింట్ల నుంచే మాట్లాడుతవ్ బిడ్డా. ఫోన్ చూసుకుంట మాట్లాడుతవ్. మిషన్ లేకుంటే నా పక్కకొచ్చి, భుజం మీద చెయ్యేసి, చెవిల చెప్తవ్. నాకు గదే కావాలె."

ఇన్ని రోజులు బ్యాటరీ మార్చిన, సౌండ్ పెంచిన, తగ్గిచ్చిన. గిదొక్కటి నాకు తోచలే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అట్లనే యాడిని పట్టుకొని కూసున్న.

గప్పుడు డబ్బల పాట ఆగింది. మళ్ళీ డాక్టర్ గారితో మాట్లాడదాం అన్నది మేడం గొంతు. దాని వెనకనే నా అరుపు. మిషన్, కొంగు, అబద్ధం, ఇజ్జత్, ఒక్కటి పోకుండ అన్నీ వచ్చినయి, ఆ వెనకనే యాడి మాటలు గూడ. పక్కింటోళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నరు. యాడి డబ్బను చెవి దగ్గరికి పట్టుకొని మొత్తం విన్నది. నేను ఎదురుంగ తిట్టినప్పుడు సగమే వినపడ్డదట.

ఫోన్ చెవి కాడ పెట్టుకున్న. మేడంకు మా భాష ఒక్క ముక్క రాదు. వినపడనోళ్లతోని ఎట్ల మాట్లాడాల్నో నేను చేసి చూపెట్టిననుకున్నది. చాలా సహజంగా ఉంది డాక్టర్ గారూ అని మెచ్చుకున్నది. బతికిపోయిన అనుకున్న. గానీ ఈ దిక్కు తండాలల్ల మా భాష రానిదెవరికి?

ఇంతల కొత్తగూడ దిక్కు నుంచి ప్రోగ్రాం వింటున్న ఒక ముసలాయన స్టూడియోకు ఫోన్ చేసి లైన్లకొచ్చి, గోర్ బోలిలనే షురువు చేసిండు.

"మిషన్ ముచ్చట తర్వాత చెప్దువు గానీ బిడ్డా, ముందుగాల పోయి మీ యాడి పక్కన జర సేపు కూసో."

ఆయన ఏమడిగారో మన శ్రోతలకు తెలుగులో చెప్పండి అన్నది మేడం.

"బ్యాటరీ ఎన్ని రోజులొస్తదని అడుగుతున్నరు" అని చెప్పిన.

ఆయన లైన్లనే ఉన్నడు. పడిపడి నవ్విండు. జర సేపటికి ఆ నవ్వు గూడ డబ్బల మల్ల వచ్చింది.

ఇప్పుడు యాడి, నేను ఒక ఒప్పందానికి వచ్చినం. పొద్దంతా మిషన్ చెవులనే ఉంటది. పక్కింటోళ్ల ముచ్చట్లు, టీవీ, గేటు చప్పుడు, అన్ని మంచిగ వింటది. సాయంత్రం నా స్కూటీ చప్పుడు వినపడంగనే మిషన్ తీసి కిటికీల పెట్టి, మంచం మీద జరిగి నాకు జాగ ఇస్తది. నేను పోయి పక్కన కూసొని, ఆ రోజు దవాఖానకు ఎవరొచ్చిన్రో, నేను ఏం తిన్ననో, మొత్తం చెవిల చెప్పాలె. జిల్లా అంతటికి మిషన్లు పెట్టే డాక్టరమ్మను. పొద్దుగూకితే మా ఇంట్ల మిషన్‌ను నేనే.